తిరగని గుమ్మటాన్ని తిప్పిన సంగతి

ఇది రాసి పెట్టకపోతే గూడెంలోని మా స్కూల్లో ఇప్పటికీ చెప్పుకునే మాటే నిజమైపోతుంది. జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్‌లో విమానం మోడల్‌ని ల్యాబ్ అటెండరు పాడుచేశాడట. ఆ అటెండరు నేనే. ఫిజిక్స్ మాస్టారు ఎలా చెయ్యమన్నారో అలాగే చేశాను. కావాలనే చేశాను.

పదో తరగతి దాటి చదవలేదు. కానీ సెలవు దొరికితే ఏలూరు బస్సెక్కి, లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. నిఘా విమానాల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, వేసవంతా చదివాను. ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయినప్పుడు కరస్పాండెంట్ గారు నన్ను పిలిచి, పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. మాస్టారు బాగుందంటే పోస్టు నాదే.

అమెరికా వాళ్ళ రాడార్ విమానం గురించి చెప్పాను. మా నాన్న కొల్లేరులో చేపల చెరువుకి కాపలా. గట్టు మీద నిలబడితే అవతలి గట్టు దాకానే కనిపిస్తుంది. మంచె ఎక్కితే నాలుగు చెరువుల అవతల వాలే పక్షులు కూడా కనిపిస్తాయి. భూమి గుండ్రం కాబట్టి నేల మీది రాడార్‌కి దూరంగా, కిందుగా ఎగిరేవి కనపడవు. అందుకే దాన్ని విమానం ఎక్కించారు. వీపు మీది గుమ్మటంలో యాంటెన్నా బిగించి ఉంటుంది, రెండూ కలిసి పది సెకన్లకొక చుట్టు తిరుగుతాయి. రాడార్ ఆపేసినా బేరింగులో గ్రీజు గడ్డకట్టకుండా మెల్లగా తిప్పుతూనే ఉంటారు.

మాస్టారు నవ్వారు. "మూత ఎందుకు తిరుగుతుందయ్యా? లోపలిది తిరుగుతుంది. గట్టు మీది ఫిజిక్స్ గట్టు మీదే ఉంచుకో."

పిల్లలూ నవ్వారు. పోస్టు మాస్టారి బావమరిదికి వెళ్ళింది. రెండేళ్ళు ఆ బావమరిది తాగిన టీ గ్లాసులు కూడా నేనే కడిగాను.

తర్వాత మాస్టారు ఏ వీడియోలోనో చూసినట్టున్నారు, మూత తిరుగుతుందని. నాతో ఆ ఊసెత్తలేదు. ఎగ్జిబిషన్‌కి మన దేశపు నిఘా విమానం చేద్దామన్నారు, నాలుగింజన్ల పెద్దది. గుమ్మటం తిరగాలి, మోటారు సంగతి నన్ను చూడమన్నారు.

ఆ విమానం గురించీ చదివాను. దాని గుమ్మటం తిరగదు. లోపల మూడు యాంటెన్నాలు త్రికోణంగా ఉంటాయి, ఒక్కొక్కటి ఆకాశంలో మూడో వంతు చూస్తుంది. యాంటెన్నా కదలకుండానే రాడార్ కిరణాన్ని కరెంటుతో పక్కకి మళ్ళిస్తారు. చెప్పబోయి నోరు మూసుకున్నాను. "అలాగేనండి" అన్నాను.

ఆక్వా షాపులో చెరువుకి మేత చల్లే మిషను పాత మోటారు దొరికింది. బెల్టు వేసి వేగం తగ్గించాను. పది సెకన్లకొక చుట్టు, వాచీ పెట్టి సరిచూశాను. అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

ఏలూరులో ఎగ్జిబిషన్‌కి జడ్జిగా వచ్చినాయన వైమానిక దళంలో రిటైరైన మనిషి. గుమ్మటం ఎందుకు తిరుగుతుందో మాస్టారు చాలాసేపు వివరించారు. ఆయన పూర్తిగా విన్నారు.

"నేను ఆ విమానంలోనే పనిచేశానండి. మాది ఎప్పుడూ తిరగలేదు."

మాస్టారి మెడ ఎర్రబడింది. వేలు నా మీదికి తిరిగింది. "మోటారు పెట్టింది మా అటెండరండి. చదువు లేదు."

అప్పుడు నేను మూడు యాంటెన్నాల సంగతి నెమ్మదిగా చెప్పాను. జడ్జి తలూపారు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. అది చూడటం కోసమే రెండేళ్ళు కాచుకున్నాను.

మాతో వచ్చిన కరస్పాండెంట్ గారు నన్ను పక్కకి పిలిచారు. "తెలిసీ ఎందుకు తిప్పావు?"

"మాస్టారు తిప్పమన్నారండి."

"పిల్లలు నెల్లాళ్ళు అట్టలు కత్తిరించారయ్యా. తెలిసినా చెప్పని మనిషిని ల్యాబులో ఎలా పెట్టను?"

పోస్టు ఎప్పుడు ఖాళీ అయినా నాకిక రాదని అక్కడే అర్థమైంది. మరుసటి ఏడు మాస్టారు తణుకు వెళ్ళిపోయారు. నేను బీకర్లు కడుగుతూనే ఉన్నాను. మళ్ళీ అడిగినా తిప్పుతాను. బహుమతి పోగొట్టుకున్న పిల్లలకి మాత్రం ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు.

పేర్లు రాస్తే ఇబ్బంది పడతారు కాబట్టి పేర్లు లేకుండానే నమస్కారాలు. మూసే వేళ దాటినా నన్ను లేపని లైబ్రేరియన్ గారికి, మోటారు ఊరికే ఇచ్చిన ఆక్వా షాపాయనకి, నా మాట చివరిదాకా విన్న జడ్జి గారికి. మాస్టారికి కూడా. "ఇది తిరుగుతుందా?" అని ఆయన ఒక్కసారి నన్ను అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అడగనందుకు కృతజ్ఞుణ్ణి.