వెడల్పు తలుపున్న గది

వీధిలో అందరికీ ఆమె తాళాలక్క. వీధి చివర మరుగుదొడ్ల కాపలా, కడుగుడు, అక్కడ పుట్టే తగాదాల తీర్పు, అన్నీ ఆమె నెత్తినే. ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే ఆ వాడలో సగం మందికి సొంత మరుగుదొడ్డి లేదు. ఆమె ఈ పనిలో చేరిన రోజు ఇరుగుపొరుగు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. మర్నాడు తెల్లారకముందే ఆ ముక్కులన్నీ ఆమె ముందు వరుస కట్టాయి. నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

అప్పట్నుంచీ రోజూ తల ప్రాణం తోకకి వస్తూనే ఉంది. "నీళ్ళు పొయ్యమ్మా తల్లీ, నీ సొమ్మేం పోయింది?" అని ఒకరికి. "గుడ్డపేలికలు అందులో వెయ్యకయ్యా బాబూ, గొట్టం పూడుకుపోతే మీ తాత వచ్చి తీస్తాడా?" అని ఇంకొకరికి. విన్నవాళ్ళు విన్నారు, విననివాళ్ళు ఆమెని గయ్యాళి అన్నారు. అననీ అనుకుంది. ఆమెకి కడుపు మండేది మాత్రం ఆ చివరి గదిని చూసినప్పుడు.

కట్టేటప్పుడే నడవలేనివాళ్ళ కోసమని ఒక గది వేశారు. చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపు, మెట్లకి బదులు ఏటవాలు దారి, లోపల కమోడ్, గోడకి పట్టుకోవడానికి కడ్డీలు. బంగారంలాంటి గది. మిగతా తాళాలన్నీ ఆమె నడుముకే వేలాడుతుంటాయి గానీ, దీని తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరుంది. లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, విరిగిన బకెట్లు, పరిశుభ్రత గురించి ఊరేగింపుల్లో పట్టుకునే అట్టలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఆమె వదిన నడవలేదు. ఇళ్ళు కట్టే పనిలో ఉండగా పరంజా మీంచి పడి నడుము కింద చచ్చుబడింది. అన్న లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతాడు. ఇంట్లో వదినా ఆడపడుచూ ఇద్దరే. వదిన చక్రాల కుర్చీలో కూర్చునే చేత్తో తిప్పే మిషన్ మీద బట్టలు కుడుతుంది. అవసరమైతే పరదా చాటున బేసిన్ పెట్టుకోవాలి, తర్వాత ఆడపడుచు దాన్ని ఎత్తాలి. అది తలుచుకునే వదిన నీళ్ళు తాగడం మానేసింది. పొద్దస్తమానం ఒక్క గ్లాసుతో గడిపేస్తుంది. మంట, చలిజ్వరం, ఆసుపత్రి. ఇలాగే ఉంటే కిడ్నీలు దక్కవని డాక్టరు కేకలేశాడు. ఇంటికొచ్చాక మళ్ళీ అదే గ్లాసు.

"తాగు వదినా. నేనెత్తనా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"పొద్దంతా ఊరందరిదీ కడిగొస్తావు. ఇంటికొచ్చాక నాదీనా?"

ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తాళాలక్క గిన్నెల మీద చూపించింది.

సూపర్‌వైజర్‌కి చెప్పని రోజు లేదు.

"సార్, ఆ సామాను తీయించండి. మా వదిన వస్తుంది."

"ఆ గదికి ఎవరూ రావట్లేదు కదమ్మా. ఊరికే ఖాళీగా ఎందుకని సామాను పెట్టాం."

"తాళం వేసుంటే ఎలా వస్తారు సార్?"

"వచ్చేవాళ్ళుంటే తీస్తాం."

"ఉన్నారనే కదా మొత్తుకుంటున్నాను!"

"నువ్వొక్కదానివే మొత్తుకుంటున్నావు. సామాను ఎక్కడ పెట్టమంటావ్, నా నెత్తినా?"

అక్కడే పెట్టుకోండి అనబోయింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేసింది.

ఇంతలో పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అన్నాళ్ళూ చీమ కుట్టినట్టయినా లేని సూపర్‌వైజర్ ఒక్కసారిగా కాలుగాలిన పిల్లి అయ్యాడు. తాళం తీయించాడు, సామాను బయటికి లాగించాడు. పెట్టించింది ఎక్కడనుకున్నారు? ఆడవాళ్ళ వైపు రెండు దొడ్లలో! "ఒక్కరోజే కదమ్మా, సర్దుకోండి" అని ఒక ఉచిత సలహా. బయట నిలబడ్డ ఆడవాళ్ళ తిట్లన్నీ తాళాలక్క ఖాతాలో పడ్డాయి.

అంతటితో ఆగినా బాగుండేది. "మీ వదినని తీసుకురా. కుర్చీ తలుపు దగ్గర ఆపి ఫొటో తీస్తాం. లోపలికి మాత్రం వద్దు, ఇప్పుడే కడిగించాం" అన్నాడు. తాళాలక్కకి ఒళ్ళు మండిపోయింది. తీసుకెళ్ళకూడదనే అనుకుంది. వదినే ఊరుకోలేదు. "పద. ఆ గదేంటో నేనూ చూస్తాను" అంది.

తనిఖీకి ఒక పెద్దావిడ, వెనక కెమెరా పట్టుకున్నతనూ వచ్చారు. తాళాలక్క కుర్చీని ఏటవాలు మీదికి తోసింది. "అక్కడాపు, అక్కడాపు" అన్నాడు సూపర్‌వైజర్. వదిన ఆగలేదు. మిషన్ తిప్పి తిప్పి రాటుదేలిన చేతులతో చక్రాలు తనే తిప్పుకుని లోపలికి పోయి, తలుపేసి గడియ పెట్టుకుంది.

 కెమెరా అతను చెప్పులకేసి చూసుకున్నాడు. సూపర్‌వైజర్ తలుపు తట్టబోతే తాళాలక్క అడ్డం నిలబడింది.

"మనిషి లోపలుంది సార్. మీకు తొందరైతే మగవాళ్ళ వైపు ఖాళీగానే ఉంది."

"ఇది రోజూ తెరిచే ఉంటుందా?" అని పెద్దావిడ అడిగింది.

"రోజూనండి" అన్నాడు సూపర్‌వైజర్, కనురెప్పయినా కదపకుండా.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒకరి చేత బేసిన్ ఎత్తించాల్సిన అవసరం లేకుండా వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో తాళాలక్క అప్పుడే చూసింది. కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్నదానికి కళ్ళు చెమర్చాల్సి వచ్చినందుకు మళ్ళీ చిరాకేసింది.

వదిన తిన్నగా అతిథుల కోసం బల్ల మీద పెట్టిన నీళ్ళ సీసాల దగ్గరికి పోయింది. ఒకటి తీసి గటగటా తాగింది. రెండోదీ ఖాళీ చేసింది. పైటతో మూతి తుడుచుకుని పెద్దావిడ వైపు తిరిగింది.

"కడుపునిండా నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందోనమ్మా. ఇంకాసేపట్లో నేను మళ్ళీ రావాలి. మీరటు వెళ్ళగానే ఇటు తాళం పడుతుంది. నన్నేం చెయ్యమంటారో చెప్పి వెళ్ళండి."

 తాళాలక్క మూడో సీసా మూత తీసి వదిన చేతికిచ్చింది.