పడసాలలో ఖాండ్రింపు

దెయ్యాలంటే వణికేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మా వంశంలో ఆ పిరికితనం లేదు. ఇప్పటికీ నేను నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్లే చెబుతాను.

2008 ప్రాంతంలో కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వైర్‌లెస్ నెట్‌వర్క్ పెట్టే పని నాకు వచ్చింది. ఆ భవనం ఒకప్పుడు మా ఇల్లు. మా నాన్న కాలంలో చేతులు మారింది. ఈ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. సొంత పడసాలలో నిచ్చెనెక్కి స్క్రూలు బిగించేవాడు ఇంటిపేరు చెప్పుకుంటే ఏం గౌరవం?

నర్సులకు వైఫై ఫోన్లు ఇచ్చాం. మనిషి నడిచేకొద్దీ ఫోను సిగ్నలిచ్చే ఒక పెట్టెను, అంటే యాక్సెస్ పాయింటును, వదిలి ఇంకోదాన్ని పట్టుకోవాలి. భద్రత కోసం ప్రతి కొత్త పాయింటూ "నువ్వెవరు?" అని అడుగుతుంది. ఫోను తక్షణం జవాబివ్వాలి, మాట తెగకూడదు. వార్డు నుంచి ఆపరేషన్ గదికి దారి పడసాల గుండానే. అక్కడ మాట తెగితే డాక్టరుకు కబురు అందదు, రోగి ప్రాణం మీదికొస్తుంది. మర్నాడే ఆసుపత్రి ప్రారంభం.

నేను నడిస్తే తెగలేదు. నర్సులు నడిస్తే తెగింది. అదే ఫోను, అదే దారి. ఛానళ్లు మార్చాను, పవర్ పెంచాను. లాభం లేదు. పాయింటు అడిగింది, ఫోను జవాబివ్వలేదు. కంప్యూటరు చూపించింది అంతే.

పెద్ద నర్సు మేరమ్మ ఫోను నా చేతిలో పెట్టింది.

"ఏం సార్, గడప దాటంగానే ఎవురో ఖాండ్రిస్తాండారు దీంట్లో. శానా రోత. అంతే, కట్."

మా తాత ఆ పడసాలలో పడక్కుర్చీలో కూర్చుని అలాగే ఖాండ్రించి, ఇత్తడి తమ్మపడిగలో ఉమ్మేవాడు. ఆడవాళ్లు పడసాల తొక్కకూడదన్నది మా ఇంటి పద్ధతి. ఆ చప్పుడు వినగానే మా జేజి, అత్తలు గడప అవతలే ఆగిపోయి దొడ్డివైపు తిరిగి పోయేవాళ్లు. ఆ కఫం చప్పుడునే మేము మర్యాద అనుకున్నాం. తాత పోయి చాలా ఏళ్లయింది.

"దొడ్డివైపు నడవలో ఒక పాయింటు పెడతాను. మీరు అటునుంచి పోండి" అన్నాను. నా గొంతు నాకే తాత గొంతులా వినిపించింది.

"ఆ ఇరుకులో స్ట్రెచర్ నెత్తిన పెట్టుకోని పోవాల్నా సార్?" అంటూ మేరమ్మ ఫోను లాక్కుంది. చెవి దగ్గర పెట్టుకుని గడప దాటింది. ఆగింది. ముఖం చిట్లించింది.

"నేను మేరమ్మ. ఈడ నర్సును. నువ్వెవరప్పా?" అని గట్టిగా అడిగింది.

మాట తెగలేదు. ఆపరేషన్ గదిదాకా తెగలేదు. ఆమె తర్వాత నడిచిన నర్సులకూ తెగలేదు. ఆ మధ్యలో నేను ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోలేదు. కారణం ఏమిటో ఈరోజుకీ నాకు అంతుబట్టలేదు.

మేరమ్మ తిరిగొచ్చి, "పేరడిగితే సప్పుడే లేదు సార్. ఎవురంటారు?" అంది.

నేను నిచ్చెన మడుస్తూ, "నాకేం తెలుసమ్మా" అన్నాను.