సైను ముప్పై ఎంత

లెక్కల సారు పోయాడని నంద్యాల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆళ్లగడ్డలో నేను వాసం కోస్తున్నాను. సగంలో వదిలితే కట్టె చీలుతుంది. కోత ముగించే బస్సెక్కాను.

మంచివాడని రాయమంటే రాయను. ఆయన నోరు కట్టె చెక్కే బాడిసె. నాది మూడో తరగతి చదువు, వడ్రంగి పని. ఆయన రిటైరై మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నప్పుడు వాలుకప్పు పని నాకిచ్చాడు. కప్పు బొమ్మ మొత్తం నేల మీద సుద్దతో గీసి, దాని మీద పెట్టి వాసం కోయడం మా ఇంటి పద్ధతి.

“ఏందప్పా, ఇల్లంతా ముగ్గేస్తాండావ్?”

“మా నాయనా ఇట్లనే కోసినాడు సార్.”

“మీ నాయన కట్టిన కప్పుల వంకర బజార్లో నుంచే కనపడ్తాంది.”

తిట్టి, అప్పుడు చెప్పాడు. నిలువు ఎత్తును వాసం పొడవుతో భాగిస్తే సైను. వాసం కింది అడ్డం పొడవును వాసంతో భాగిస్తే కొసైను. ఎత్తును ఆ అడ్డంతో భాగిస్తే టాను. వాలు మారనంతవరకు వాసం పెద్దదైనా చిన్నదైనా ఆ లెక్క మారదు. ముప్పై డిగ్రీలకు సైను సగం.

మర్నాడు ఫోనులో సైను ముప్పై నొక్కితే సున్నా కన్నా తక్కువ వచ్చింది. చూపించాను.

“కప్పు భూమి లోపల కడ్తావా? మమ్మల్ని బతికుండంగనే పూడుస్తావా?”

కూలీలు నవ్వారు. ఫోను డిగ్రీల్లో కాక రేడియన్లలో ఉందట. ఆ కొలతలో ముప్పై డిగ్రీలంటే సున్నా పాయింటు అయిదు రెండు మూడు ఆరు.

“మిషనుకు సైను యాడిది? అదీ నీ మాదిరే కోస్తాది. ఆ అంకెను మూడు మార్లేసి గుణించి, ఆరుతో భాగించి, వచ్చింది ఆ మొదటి అంకెలోంచి కొయ్. ఎక్కువ తెగింది. అయిదు మార్లేసి గుణించి, నూటఇరవైతో భాగించి అతికించు. ఎంతొచ్చె?”

“సగం సార్.”

“ముసలోనివైనాక వచ్చింది. ఏం లాభం.”

ఆయన మెచ్చుకోలు అంతే.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కూతురింట్లో పడ్డాడు. ఆయనకు చావంటే భయం లేదు, బుర్ర పోతుందనే భయం. “వచ్చినప్పుడల్లా సైను ముప్పై అడుగు. చెప్పకపోతే నిన్ను నేను తిట్టినట్టే తిట్టు. జాలిపడినావంటే గడప తొక్కొద్దు” అన్నాడు.

అడిగాను. కొన్నాళ్లకు సగమని నోటికి రాలేదు. పలక తెప్పించుకుని, కోసి, అతికించి, సాయంత్రానికి సగం తెచ్చాడు. తెచ్చి, అంతసేపు ఊరికే కూర్చున్నందుకు నన్నే తిట్టాడు.

చివరిసారి మొదటి అంకె రాసి ఆగిపోయాడు. ఏం కోయాలో తెలియలేదు. నా వైపు చూశాడు.

“ఏంది సార్, ఇంతేనా? జీతం తిన్నదంతా దండగేనా?” అన్నాను.

“చాలు మామా, ఆయన్నిడ్సిపెట్టు” అని కూతురు ఏడ్చింది.

ఆయన ఏడవలేదు. అరచేత్తో తుడిచి మళ్లీ అదే అంకె రాశాడు. తుడిచాడు. రాశాడు. నేను లేచి వచ్చేటప్పటికి దుప్పటంతా సుద్దపొడి.