నిమ్మకాయలు తొక్కిన గుండె మిషను

మా మేనమామకు గుండెపోటు వచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చిన వారమే, అక్కడికి మద్రాసు నుంచి గుండె మిషను దిగింది. ఎనభైల నాటి మాట. రోగి ఛాతీకి బిళ్ళలు అతికిస్తే తెర మీద పచ్చగీత గంతులు వేస్తుంది. గుండె గతి తప్పితే కూత పెడుతుంది. ఆ కూతకు పది మైళ్ళ అవతల రొంపిచెర్లలో గేదెలు పాలివ్వడం మానేశాయని ఊరంతా చెప్పుకున్నారు. మొదట చెప్పింది నేనే.

"అది కూస్తే ఆలోచించకుండా నన్ను పిలవండి," అన్నారు డాక్టరు గారు.

హెడ్ నర్సమ్మ ఇంటికి సవతి దిగినట్టు ముఖం పెట్టింది. ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూసే మనిషి. ఆ పట్టుకు రాళ్ళ క్వారీలో సమ్మెట ఎత్తే వస్తాదులు కూడా "అమ్మా" అనేవాళ్ళు.

"ఇన్నేళ్ళ నుంచీ నా వేళ్ళకు తెలవనిది ఈ డబ్బాకేం తెలుసుద్దండీ?"

అంతకన్నా పెద్ద పేచీ మామది. ఆయన మాచెర్ల నుంచి నాపరాళ్ళు తోలే లారీ యజమాని. తీగలు చూడగానే చొక్కా బొత్తాలు పెట్టేసుకున్నాడు.

"పూజ చేయించారా?"

"దేనికి?" అన్నారు డాక్టరు గారు.

"బండికండీ! కింద చక్రాలున్నయ్ గదా. పూజ గాని బండిని నేను ముట్టను, నన్ను ముట్టనీను."

డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. ఈ రెండు మూడు రోజులే గండం. గుండె గతి తప్పిన వెంటనే ఇంజెక్షన్ పడాలి, ఆలస్యమైతే మనిషి దక్కడు. గుమ్మంలో అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నిమ్మకాయలకు పరిగెత్తాను.

తీరా చూస్తే పూజలో అందరికన్నా హడావుడి హెడ్ నర్సమ్మదే. మెట్ల మీద కొబ్బరికాయ కొట్టింది. మిషను బల్ల నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తెరకు ఎంత బొట్టు పెట్టిందంటే, పచ్చగీత దాన్ని ఎక్కి దిగడానికి ఆయాసపడింది.

"రానీయ్, రానీయ్... రైటో!" మంచం మీంచి మామ దారి చూపించాడు. నిమ్మకాయలు చితికాయి. అప్పుడు చొక్కా విప్పాడు.

మర్నాడు పొద్దున మామ ఇడ్లీ తింటుంటే మిషను గొల్లుమంది. గీత నేల మీద తాడులా పడి ఉంది. అత్తయ్య శోకాలు మొదలుపెట్టింది. డాక్టరు గారు సగం గడ్డానికి సబ్బు నురగతో వచ్చిపడ్డారు.

"ఏందే ఆ ఏడుపు? ఇంకా చట్నీ కూడా అవలా!" అన్నాడు మామ.

నర్సమ్మ నాడి పట్టుకుని నవ్వింది. "అన్నకేం గాలా. మిషనే పోయినట్టుంది."

సంగతేమిటంటే, అత్తయ్య బిళ్ళలు లేపి, ఛాతీ నిండా కోటప్పకొండ విభూతి పూసి, మళ్ళీ వాటిని దాని మీదే అద్దింది. నర్సమ్మ ఛాతీ తుడిచి బిళ్ళలు సరిగ్గా అంటించింది. ఆనక మిషను నోటికి తువ్వాలు చుట్టి, యుద్ధం గెలిచిన రాణిలా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తువ్వాలులోంచి మూలుగు వినిపించింది.

"మళ్ళీ పూశావా వదినా?" అంది నర్సమ్మ, మందు సీసాలు సర్దుకుంటూనే.

"లేదమ్మా, నీ మీదొట్టు!"

ఆవిడ తీరిగ్గా వచ్చింది. ఛాతీ శుభ్రంగానే ఉంది. బిళ్ళలు గట్టిగానే ఉన్నాయి. మణికట్టు పట్టుకుంది. లారీ టైర్ల గురించి చెబుతున్న మామ మాట మధ్యలో ఆగిపోయాడు. నర్సమ్మ ముఖం పాలిపోయింది.

"డాక్టరు గారూ!"

ఆ కేక ముందు మిషను కూత దోమపాట. డాక్టరు గారు వచ్చారు, ఇంజెక్షన్ పడింది. పిచ్చెత్తినట్టున్న పచ్చగీత మెల్లగా దారికొచ్చింది. మామ కళ్ళు తెరిచి, "ఎక్కడిదాకా చెప్పా?" అన్నాడు. నర్సమ్మ తువ్వాలు ఊడబెరికి, దాంతోనే కళ్ళు తుడుచుకుంది.

అప్పటి నుంచి మిషను కూసినప్పుడల్లా ఆవిడ ఒక చేత్తో ఛాతీ తడిమి, రెండో చేత్తో నాడి పట్టుకుని, నోటితో డాక్టరును పిలిచేది. మూడూ ఒకేసారి.

ఇంటికి వెళ్ళేరోజు మామ మిషను వీపు నిమిరాడు.

"డాక్టరు గారూ, ఇట్టాంటిదే నా లారీ ఇంజనుకొకటి తెప్పించండి."

"ఎందుకులే అన్నా," అంది నర్సమ్మ, "దానిక్కూడా పూసుద్ది వదిన."

అత్తయ్య చప్పున పిడికిలి వెనక్కి దాచుకుంది.