బండికి కట్టిన తువ్వాలు

మా ఊళ్లో నాకు నచ్చే మనుషులు తక్కువ. పనికొచ్చినంతకాలం వాడుకుని, ఆపైన విసిరికొట్టేవాళ్లే ఎక్కువ. పద్మనాభయ్య అలాంటివాడు కాదు. దొరవారిసత్రం దగ్గర కాస్త వరిపొలం, ఒక పాత మోటారుసైకిలు ఆయన ఆస్తి. కోతల కాలంలో ఒకనాడు ఆ బండిని నెట్టుకుంటూ, ఆగకుండా దగ్గుతూ మా మెకానిక్ షెడ్డుకు వచ్చాడు.

"దీని పని అయిపోయినాది అబ్బయా. చెరువుకట్ట కూడా ఎక్కలేకుండా ఉంది. సాయంత్రం తడ నుంచి ఒకడు కొనేదానికి వస్తా ఉండాడు. ఆడికి ఇచ్చే ముందర ఒకసారి బాగుచెయ్యి."

చెబుతూనే సీటు నిమురుతున్నాడు.

ఇంజినాయిలు మార్చి, చైను బిగించి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పాను. గాలి పోయే దారిలో ఎర్ర తువ్వాలు మడతపెట్టి కుక్కి ఉంది.

"ఇదేంది పెదనాయనా?"

"నూర్పిళ్ల దుమ్ము గదా. మనం ముక్కుకు కట్టుకోమా? పాపం, దానికీ కట్టినా."

"ఊపిరాడకుండా చేసి, పైగా పని అయిపోయినాదంటివా! దుమ్ము ఆపేదానికి దీనికి ఫిల్టర్ ఉంది గదా."

నల్లబడిన ఫిల్టర్ తీసేసి కొత్తది వేశాను. ఒక్క తన్నుకే బండి అందుకుంది. ఆయన వెంటనే ఫోన్ తీశాడు.

"నువ్వు రావాకు నాయనా. దీనికి ఏ జబ్బూ లేదంట."

ఆయనకు మళ్లీ దగ్గు తెర వచ్చింది.

"మరి నీ ముక్కుకు తువ్వాలేది?" అన్నాను.

"ఉండింది అదొక్కటే గదా," అన్నాడు సిగ్గుపడుతూ.

పంపు కింద ఆ తువ్వాలు ఉతికి, పిండి, ఆయన ముక్కుకు నేనే కట్టి పంపించాను.