ఇరవైనాలుగు గోతాల దారి

ఇది రాయకుండా ఉండిపోదామనే అనుకున్నాను. ప్రయాణాల గురించి రాసేవాళ్ళు కాశీకో కాశ్మీరుకో పోయొచ్చి రాస్తారు. నేను పోయింది పాకాల నుంచి చంద్రగిరి ఇవతలి దాకా, బస్సులో గంటసేపు. అందులోనూ మేము తలపెట్టిన పని తలపెట్టినట్టు జరగలేదు. అందుకే రెండువారాలు ఈ ఊసెత్తలేదు. మా మనవరాలు హేమ ఊరుకుంటేనా? "పెరటాసి నెలలో తిరుమలకు నడిచేవాళ్ళు నీ రాతలు సదువుతారు తాతా. మనం చేసిన తప్పు ఇంకొకరు చేయకుండా అన్నా రాయి" అనింది. సరే, రాస్తున్నాను.

హేమ పదో తరగతి. వాళ్ళ బడిలో ఎనిమిదిమంది ఆడపిల్లల గైడ్ల దళం ఒకటి ఉంది. నీలం బట్టలు, మెడకు స్కార్ఫ్, జేబులో విజిల్. ఆ దళానికి నాయకురాలు హేమే. ముడులు వేయడం, దెబ్బలకు కట్లు కట్టడం, రాళ్ళతో దారిగుర్తులు పెట్టడం నేర్పిన టీచరు వేసవిలో బదిలీ అయిపోయినారు. ఆమె జాగాలోకి ఎవరూ రాలేదు. హెడ్మాస్టరమ్మ చెడ్డమనిషి కాదు గానీ, చూసుకునేవాళ్ళు లేని దళం ఆమెకు తలనొప్పి. "ఒక్క సేవాదినం సరిగ్గా చేసి చూపించండి. జిల్లా నుంచి గైడ్ల మేడమ్ వచ్చి చూసి లాగ్‌బుక్కులో సంతకం పెడితే దళం ఉంటుంది. లేదంటే యూనిఫారాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేస్తాను" అని తేల్చి చెప్పినారు. వెంట పెద్దదిక్కుగా ఒకరు పోవాలని కూడా అన్నారు. టీచర్లకెవరికీ తీరిక లేదు. నా దగ్గర తీరిక తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడ నా గురించి ఒక ముక్క. చిత్తూరు బెల్లం మండీలో నలభై ఏండ్లు గోతాలు కుట్టినవాణ్ణి. గోతాలంటే గోనెసంచులే. బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతా చదువంతా మండీకి పొట్లాలకోసం వచ్చే పాత పేపర్ల మీద సాగింది. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు. మిగతా సగాన్ని చింపి ఎవరికో పొట్లం కట్టేసి ఉంటారు.

పెరటాసి అరవవాళ్ళ నెల, సెప్టెంబరు-అక్టోబరు మధ్యన వస్తుంది. ఆ నెల శనివారాల్లో అరవదేశం నుంచి జనం పసుపుబట్టలు కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో గుంపులుగా చిత్తూరు మీదుగా నడిచొస్తారు. చంద్రగిరి దాటి శ్రీవారి మెట్టు దారిన కొండెక్కుతారు. వాళ్ళకు నీళ్ళిచ్చి, బొబ్బలెక్కిన కాళ్ళకు కట్లు కట్టే శిబిరం పెట్టాలని పిల్లలు అనుకున్నారు. రెండో శనివారం సెలవే గదా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అని రాసిచ్చినారు. ఆ తొమ్మిదీ ఐదూ ఎక్కడివో అప్పుడు నాకూ తట్టలేదు. అవి బడి గంటలు.

పాకాల బస్టాండులో ఏడున్నర బస్సెక్కినాం. సామాన్లు రెండు కుండలు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, వేపనూనె, గుడ్డపీలికలు, జనం కూర్చోవడానికని నా ఇరవైనాలుగు గోతాలు. ఆడపిల్లలకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. టికెట్టు నా ఒక్కడికే.

"ఎనిమిదిమందిని ఊరికే తీస్కపోయి, ముసలాయన దగ్గర దుడ్లు తీసుకునేదానికి సిగ్గుగా ఉండాది పెద్దాయనా" అన్నాడు కండక్టరు.

"అయితే తీసుకోవద్దులే."

"సిగ్గు ఇంటికాడ పడతాగానీ, నువ్వు చిల్లర తీయి."

ఎనిమిదిన్నరకు, చంద్రగిరి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, ఒక పంక్చర్ షాపు ఎదురుగా దిగినాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లన్నీ కొట్టేసినారు. షాపాయన పేరు నారాయణ. అడగ్గానే డ్రమ్ముకు నీళ్ళు పట్టుకోమన్నాడు. తొమ్మిదికల్లా టార్పాలిన్ నీడ కింద కుండలు, కట్లు, వరసగా ఎనిమిదిమంది పిల్లలు సిద్ధం.

పదిన్నరదాకా వచ్చింది మోటారుసైకిల్ మీద ఇద్దరు. మజ్జిగ లేదా అని అడిగి, లేదంటే మొహం ముడుచుకుని పోయినారు. దళంలో అందరికంటే పొట్టిది షబానా. దానికి నోరు ఊరికే ఉండదు.

"తాతా, నీ కాళ్ళన్నా సూపీ. కట్టు కడతాం."

"నా కాళ్ళకేమైంది?"

"ఏమన్నా అయ్యేదాకా నడిచి రాపో."

అప్పుడొచ్చినాడు నారాయణ, చేతులు తుడుచుకుంటూ. "ఎవురికోసం అప్పా ఇదంతా?"

"నడిచేవాళ్ళకోసం."

"ఈ ఎండకు వట్టికాళ్ళతో ఎవుడు నడుస్తాడు? తెల్లారుజామున మూడుకు లేసి నడుస్తారు. ఎనిమిదిన్నరకంతా ముందర మామిడితోపులో పడుకునేస్తారు. మళ్ళా నాలుగున్నరకు గానీ లేయరు. మీరు బస్సు దిగేతలికే అందురూ దాటిపోయినారు."

"పొద్దున్నే చెప్పుంటే బాగుండేది గదా!"

"రాజకీయపోళ్ళ పందిలేమో అనుకుంటి. మనకెందుకులే అని."

ఎనిమిది మొహాలూ ఒక్కసారే వాడిపోయినాయి. తోపు కిలోమీటరు ముందుంది. అప్పుడే లేచి పోయుండొచ్చు. కానీ పన్నెండుకు మేడమ్ ఇక్కడికే వస్తారు. "సంతకం అయినాక తోపుకు పోదాం. ఎవురూ కదలొద్దు" అని హేమ స్కార్ఫ్ సర్దుకుని నిలబడింది. నాకూ అదే న్యాయంగా తోచింది.

పదకొండుంబావుకు షబానానే చూసింది. మేము వచ్చిన దిక్కున, ఊర్ల పేర్లు రాసిన పచ్చబోర్డు కింద, చాపంత నీడలో పసుపుచీర కట్టిన ఒక ముసలమ్మ ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ నిలబడి ఉంది. నీళ్ళు తీసుకుని పరుగెత్తినాం. పేరు పొన్నమ్మ, ఊరు గుడియాత్తం పక్కన. తెల్లవారుజామున బస్‌షెల్టర్లో కాసేపు నడుం వాల్చితే కన్నంటుకుందట. లేచేసరికి గుంపు వెళ్ళిపోయింది. ఒంటరిగా నడిచి నడిచి ఇక్కడికొచ్చేసరికి తారు కాలింది. పక్కన మట్టిలో నడుద్దామంటే గాజుపెంకులు, పల్లేరుకాయలు.

"మా నీడలో కూర్చో అవ్వా, చల్లబడినాక పోదువు" అనింది హేమ.

"కూసుంటే ఇంక లేయలేను తల్లీ. పోయినేడు ఇట్లే కూసుంటి. కాళ్ళు బిగుసుకపోయి బండెక్కి ఇంటికి పోతిని. ఈ ఏడు అది జరగకూడదు. తోపుకు పోతే నా గుంపు పట్టి లేపుతాది."

"నా చెప్పులేసుకో" అని నేనంటే "వేండాం, వద్దు. వట్టికాళ్ళ మొక్కు" అనింది. ఆటో అంటే వినను కూడా వినలేదు.

"పోనీ, నేను ఉరికిపోయి మీవాళ్ళను పిల్చుకొస్తా" అనింది షబానా.

"అమ్మో, ఆ పని చేయొద్దు! నా కోడలు ఉండాది ఆడ. ఎట్లా ఆటో ఎక్కిస్తామా అని కాసుకోని ఉండాది."

అని, మా మాట కోసం చూడకుండా రోడ్డు మీదికి అడుగేసింది. నాలుగడుగులు వేసి, పళ్ళు బిగబట్టి మళ్ళా నీడలోకే వచ్చింది. హేమ తన తువ్వాలు తడిపి పరిచింది. రెండు నిమిషాల్లో ఆరిపోయింది. అప్పుడు నాకు మండీ గుర్తొచ్చింది. ఎండాకాలం మండీ ముందర బండలు కాలుతుంటే మేము తడిగోతాలు పరుచుకుని మూటలు మోసేవాళ్ళం. గోనె నీళ్ళు తాగితే తొందరగా వదలదు. మరీ కారుతుంటే కాలు జారుతుంది, మరీ పిండితే ఆరిపోతుంది. ఒక్క మెలి తిప్పాలి, అంతే. నా నలభై ఏండ్ల చదువులో ఒకరికి పనికొచ్చిన పాఠం ఇదొక్కటే.

లెక్క హేమ వేసింది. గోతాలు ఇరవైనాలుగు. అవ్వ దాటిన గోతాన్ని వెనకనుంచి తీసి, తడిపి, ముందర పరచాలి. దానికి ఆరుమంది. నీళ్ళకొకరు. లారీలు పక్కకు తప్పుకునేట్టు ఎర్రగుడ్డ ఊపేదానికొకరు. మొత్తం ఎనిమిది. టైము పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువ.

"ఒక పిల్లను ఇక్కడ పెట్టు, మేడమ్ వస్తారు" అన్నాను.

"ఒకరు తగ్గితే వరస తెగిపోతాది తాతా."

"అయితే నేనుంటా."

"గోతాలు మెలి తిప్పేదెవురు?"

హెడ్మాస్టరమ్మకు ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. మేడమ్ నంబరు మా దగ్గర లేదు. హేమ రోడ్డు పక్క రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. "దారిగుర్తులు పెట్టి పోదాం. రాళ్ళగుర్తులు అందురికీ నేర్పించేదే ఆ మేడమ్ వాళ్ళు గదా, సూస్తానే తెలుస్తాది." శిబిరం ముందర రాళ్ళతో పెద్ద బాణం గుర్తు, తర్వాత ప్రతి వంద అడుగులకూ ఒక చిన్న బాణం. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి కుండకు కట్టొచ్చని మా తొమ్మిదిమందిలో ఒక్కరికీ తట్టలేదు. కాగితాలు ఏరుకుని చదువుకున్న నాక్కూడా.

విజిల్ ఒకసారి మోగితే పరచాలి, రెండుసార్లు మోగితే ఆగాలి. మొదటి పది గోతాలు తికమకగా పడినాయి. ఆ తర్వాత చేతులు కుదురుకున్నాయి. పొన్నమ్మ మాత్రం ఊరికే నడవలేదు. "ఆ జడపిల్ల వంకరగా ఏస్తాండాది సూడు", "ఇది ఆరింది, తడుపు" అని మేస్త్రీ మాదిరి చెబుతూనే ఉంది. చంద్రగిరి వైపు పోయే ఆటో ఒకటి ఆగింది.

"ఏందప్పా, రోడ్డుకు పరుపులేస్తాండారు? మంత్రి వస్తాండాడా?"

"మంత్రికంటే పెద్దోళ్ళే వచ్చినారు, పక్కకు పో" అనింది షబానా, ఎర్రగుడ్డ ఊపుతూ.

అతను పక్కకు పోలేదు. దిగి, నీళ్ళ డ్రమ్మునూ కట్లసామానునూ ఆటోలో పెట్టుకుని, మా వెంబడే నడకవేగంతో వచ్చినాడు. బాడుగ ఎంతంటే, "ముందర నన్ను ఆ పిల్ల నోట్లోంచి కాపాడు" అన్నాడు. పిల్లల మోచేతులు గోనెకు గీసుకుపోయినాయి. నీలం బట్టలు బురదరంగుకు వచ్చినాయి. సగం దారిలో హేమ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. తెల్లకారు ఏదో మా పందిరి దగ్గర ఆగినట్టు కనబడింది. మాకు అర కిలోమీటరు దూరం. విజిల్ నోట్లో పెట్టుకుని, మళ్ళా ముందుకు తిరిగి, ఒకసారి ఊదింది. పరచండి అని.

కిలోమీటరుకు గంటా పది నిమిషాలు పట్టింది. తోపులో కోడలు ఎదురొచ్చింది.

"అత్తా! యాడికి పోయింటివి? వెతకను ఇద్దరిని బస్సులో ఎనక్కి పంపిస్తిమే! ఉండు, ఆటో ఉండాది ఈడే!"

"ఉండాది గదా, నువ్వెక్కి పో" అని పొన్నమ్మ చెట్టు మొదట్లో కాళ్ళు చాపి కూర్చుంది. గుంపుకు వంట చేసే ఆయన పెరుగన్నం గంటె చేతిలో ఉండగానే పిల్లల వైపు తిరిగినాడు. "కాళ్ళకు కట్టు కట్టేవాళ్ళు మీరేనా? ముందు తినండి. ఈడ నలభై జతలుండాయి." తిన్నారు, కట్టినారు. వేపనూనె అయిపోయింది, గుడ్డలైపోయినాయి, చివరకు రెండు స్కార్ఫులు కూడా చించినారు. నాలుగున్నరకు గుంపు లేచింది. పొన్నమ్మను ఇద్దరు పట్టి లేపినారు. లేచింది, నడిచింది.

మేము వెనక్కి పోయినప్పుడు రాళ్ళ బాణాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కారు వచ్చింది, రెండుసార్లు హారన్ కొట్టింది, లోపలున్న మేడమ్ ఏదో రాసుకుని వెళ్ళిపోయినారని నారాయణ చెప్పినాడు.

"నువ్వు చెప్పలేదా, మేము ముందరికి పోయినామని?"

"అద్దం దించితే గదప్పా చెప్పేది!"

తిరుగుబస్సులో హేమ ఏడవలేదు. లాగ్‌బుక్కు తెరిచి, జరిగినదంతా గంటగంటకూ రాసింది. సంతకం గడి ఖాళీగా వదిలింది.

సోమవారం హెడ్మాస్టరమ్మ బల్లమీద మేడమ్ రాసిన ముక్క ఉంది: శిబిరంలో ఎవరూ లేరు. హేమ లాగ్‌బుక్కు పక్కన పెట్టి, "మేడమ్‌ను ఇంకొక్కసారి పిలవండి టీచర్, వచ్చే శనివారం. తెల్లారుజామున నాలుగున్నరకు మొదలుపెడతాం. పదికంతా బడిలో ఉంటాం" అనిందట.

"నాలుగున్నరకు ఎవరొస్తారే?"

"నడిచేవాళ్ళొస్తారు టీచర్."

ఆమె లాగ్‌బుక్కు మొత్తం చదివి, ఫోన్ అందుకున్నారట. అవతలనుంచి వచ్చిన జవాబు, చూద్దాం అని మాత్రమే.

ఈ ప్రయాణంలో నాకు తెలిసొచ్చింది పెద్ద విషయమేమీ కాదు. సాయం చేయాలని బయల్దేరేవాళ్ళు తమ గడియారం చూసుకుని బయల్దేరతారు. సాయం కావాల్సినవాళ్ళ గడియారం వేరే ఉంటుంది. ఈ సంగతి మాకు చెప్పింది ఒక పంక్చర్ షాపాయన, అదీ మేము అడక్కుండా. వచ్చేముందే ఒక ఫోనో, ఒక పలకరింపో చేసుకుని ఉంటే ఒక రోజు కలిసొచ్చేది. అయినా ఆ రోజు వృథా అని ఎవరన్నా అంటే పొన్నమ్మ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మీలో ఎవరైనా పెరటాసిలో ఈ దారిన వట్టికాళ్ళతో నడవాలనుకుంటే ఒక్క మాట: మూడున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరలోపు నీడకు చేరుకోండి. ప్లాస్టిక్ సంచి కాదు, నారతో నేసిన గోతం ఒకటి మడిచి భుజాన వేసుకోండి, నీళ్ళ సీసా పక్కన ఉంచుకోండి.

హేమ అడిగిన ఆ శనివారానికి ముందురోజు సాయంత్రమే చంద్రగిరిలో షబానా వాళ్ళ చిన్నమ్మ ఇంటికి చేరుకున్నాం. నాలుగుంబావుకు అదే ఆటో అతను మమ్మల్ని పంక్చర్ షాపు దగ్గర దించినాడు. పిల్లలు రోడ్డు అంచునుంచి పందిరి దాకా రాళ్ళ బాణం పెట్టినారు. ఈసారి కుండకు కాగితం కూడా కట్టినారు. ఐదుకు మొదటి గుంపు వచ్చింది, తర్వాత తెరిపి లేదు. ఆరుకు తెల్లకారు ఆగింది. మేడమ్ దిగి నడిచొస్తూ, ఒక రాయి పక్కకు దొర్లి ఉంటే వంగి దాన్ని బాణంలో సరిగ్గా పెట్టినారు. కుండ దగ్గరకొచ్చి ఒక గ్లాసు నీళ్ళు తాగినారు. తర్వాత లాగ్‌బుక్కు అడిగినారు. ఆమె దగ్గర పెన్ను లేకపోతే నాది ఇచ్చినాను.