నేను తెరిపించని గోడౌన్

మరుగైనవన్నీ ఎరిగిన దేవునికి స్తోత్రం. ఆయన దగ్గర దాచలేనిదాన్ని మనుషుల దగ్గర తొమ్మిదేళ్లుగా దాచాను. ఆ బరువుతోనే సంఘంలో పెద్దగా కూర్చున్నాను. మీకు చెబుతున్నాను, వినండి.

హిందూపురంలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేసేవాణ్ణి. మేం లెక్కలు చూసేవాళ్లలో ఒక పట్టు వ్యాపార గ్రూపు ఉండేది. హిందూపురంలో పట్టుదారం కంపెనీ, ధర్మవరంలో చీరల కంపెనీ, పెనుకొండలో దారం నిల్వచేసే చిన్న కంపెనీ. మూడింటి లెక్కలూ కలిపి ఆడిట్ చేసేటప్పుడు వాటిలో ఏవి ముఖ్యమైనవో ముందే తేల్చాలి. ముఖ్యమైనదైతే మేమే వెళ్లి సరుకు చూడాలి. కాకపోతే కాగితాలు చూసి వదిలేయొచ్చు. పెద్దదైతే ముఖ్యం. చిన్నదైనా, అనుమానముంటే అదీ ముఖ్యమే. ఆ పట్టిక రాయడం నా పని.

పెనుకొండ గోడౌన్‌లో స్టోర్ కీపర్ దానియేలన్న. మా సంఘస్థుడే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేను చెప్పులేసుకుంటుంటే పట్టుకున్నాడు.

"ఏమప్పా, హిందూపురం, ధర్మవరం తిరిగి చూస్తాండారంట. పెనుకొండకు ఎప్పుడొస్తాండావు?"

"మీది చిన్నదిలే అన్నా."

"చిన్నదే. తాళాలు మాత్రం మూడుండాయి. పేరుకు స్టోర్ కీపర్ని నేను, తాళంచెవులేమో ఓనరు బామ్మర్ది మొలతాడుకు!" నవ్వాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "లోపల ఏముండాదో చూడనీకుండా సంతకాలు పెట్టిచ్చుకుంటాండారబ్బా. ఒక్కసారొచ్చి తెరిపించు. నాకు భయంగా ఉండాది."

చూస్తానన్నాను. ఇంటికెళ్లే దారిలోనే ఆయన్ని అనుమానించాను. తానే ఏదో తీసి, ముందుగా నా చెవిన వేస్తున్నాడేమో? అనుమానించడం మా వృత్తి కదా అని సమర్థించుకున్నాను. మరి అనుమానముంటే వెళ్లి చూడాలి కదా. ఎందుకు వెళ్లలేదు? మా ప్రార్థన మందిరానికి పైకప్పు రేకులు వేయిస్తానని ఆ ఓనరు అంతకు ముందు వారమే మాటిచ్చాడు. దేవుని పనికే కదా అనుకున్నాను. పట్టికలో పెనుకొండకు ఎదురుగా, ప్రత్యేకమైన అనుమానాలు రాయాల్సిన గడిలో, ‘ఏమీ లేవు’ అని రాశాను. మా సారు నన్ను నమ్మి సంతకం చేశారు.

మరుసటి ఏడాది, ఆ సరుకు మీద అప్పిచ్చిన బ్యాంకువాళ్లు ఆ గోడౌన్ తెరిపించారు. పై వరుస మూటల్లో పట్టు. కిందంతా చింకిగుడ్డలు. కాగితాలన్నిటి మీదా దానియేలన్న సంతకమే. దొంగ అన్నారు. ఉద్యోగం పోయింది. సంఘంలో పాటలు పాడించేది ఆయనే, ఆ వారం ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నీకేమైనా తెలుసా అని పాస్టరుగారు నన్నడిగారు. తెలియదన్నాను. ఆ కొత్త రేకుల కిందే నిలబడి అన్నాను. ఒక్క గొర్రె కోసం వెతుక్కుంటూ పోయిన కాపరి గురించి పిల్లలకు చెప్పేది కూడా నేనే.

ఇప్పుడాయన పెనుకొండ బస్టాండులో వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. ధర్మవరం బస్సు అక్కడ ఆగితే నేను అటు తిరిగి కూర్చుంటాను. మొన్న కిటికీ దగ్గరకే వచ్చి వందనాలు చెప్పాడు. ఒక పొట్లం నా చేతిలో పెట్టి, డబ్బు వద్దని వెళ్లిపోయాడు. ఆయనకు తెలుసా? తెలిసే ఇచ్చాడా? ఆ పొట్లం ఇంకా విప్పలేదు.

పేరు లేకుండా రాస్తున్న ఈ ఒప్పుకోలును కూడా నేను నమ్మడం లేదు. అయినా ఆ గడిలో రాయాల్సింది ఇక్కడ రాశాను. అనుమానం ఉంది. నాకు చెప్పారు. నేను వెళ్లలేదు. గుండె కొంచెం తేలికైంది, అంతే.

నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం వద్దు. వచ్చే ఆదివారం సంఘం ముందు దానియేలన్న పేరూ, నా పేరూ చెప్పేదాకా నా నోరు మూతపడకూడదని ప్రార్థించండి.